ఎంతో తెలిసింది, ఎప్పుడో తెలియలేదు

1992 నవంబర్, డర్బన్ టెస్టు. జాంటీ రోడ్స్ బంతి విసిరాడు, బెయిల్స్ ఎగిరాయి, సచిన్ తెందుల్కర్ క్రీజు చేరాడో లేదో తేల్చడానికి టీవీ రీప్లే చూడాల్సి వచ్చింది. మూడో అంపైరు నిర్ణయంతో అవుటైన మొదటి బ్యాటరుగా సచిన్ పేరు ఆ రోజు రికార్డుల్లోకెక్కింది. ఆ తర్వాత రనౌట్ రీప్లే మనకు నిత్యకృత్యమైపోయింది. టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా "ఆపు, ఆపు, అక్కడ ఆపు" అంటూ తీర్పులు చెప్పేస్తుంటారు.

ఒక చిక్కు ప్రశ్న వేసుకుందాం. బెయిల్స్ ఎప్పుడు లేచాయో ఒక కెమెరాలో చక్కగా కనిపిస్తోంది, కానీ బ్యాటుకి వికెట్ కీపరు అడ్డొచ్చాడు. రెండో కెమెరాలో బ్యాటు కనిపిస్తోంది, బెయిల్స్ కనిపించడం లేదు. రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పవచ్చా? సెకనుకు 25 బొమ్మలు తీసే కెమెరాలో బొమ్మకూ బొమ్మకూ మధ్య 40 మిల్లీసెకన్లు గడుస్తాయి. సెకనుకు 7 మీటర్ల వేగంతో పరుగెత్తే బ్యాటరు ఆలోగా 28 సెంటీమీటర్లు ముందుకెళ్తాడు. అంటే జానెడు దాటి. రెండు కెమెరాలూ దేని తాళం అది వేసుకుంటూ ఉంటే, ఒక్కోటీ చూపించేది నిజమే అయినా రెండూ కలిసి అబద్ధం చెప్పగలవు. అందుకే టీవీవాళ్ళు అన్ని కెమెరాలకూ ఒకేచోటి నుంచి పల్సు పంపి, బొమ్మలన్నీ ఒకే క్షణాన మొదలయ్యేలా కట్టేస్తారు. వాళ్ళ భాషలో దాని పేరు జెన్‌లాక్.

ఫ్యాక్టరీల్లో, ప్రయోగశాలల్లో రోజూ జరిగే ఆటోమేటిక్ పరీక్షల్లోనూ ఇదే చిక్కు. అక్కడ రీప్లే అడిగేవాళ్ళు ఉండరు కాబట్టి అది కనపడకుండా దాక్కుంటుంది. మొబైల్ చార్జర్, కారులోని కంట్రోల్ యూనిట్, సోలార్ ఇన్వర్టర్ లాంటివి ఫ్యాక్టరీ గేటు దాటేముందు ఒక పరీక్షా బల్ల మీదుగా వెళ్తాయి. బల్ల పక్కన ఇనుప ర్యాకు. అందులో కరెంటిచ్చే పవర్ సప్లై, వోల్టేజీ చూసే మల్టీమీటరు, అలల ఆకారం గీసే ఆసిలోస్కోపు, కృత్రిమ సంకేతాలు పుట్టించే సిగ్నల్ జనరేటరు. వాటన్నిటినీ నడిపించే కంప్యూటరు ఒకటి. ఒక్కొక్క పరికరం ఎంత ఖచ్చితంగా కొలుస్తుందన్నది దాని కరపత్రంలో ఉంటుంది. అవన్నీ కలిసి ఎంత ఖచ్చితంగా కొలుస్తాయన్నది ఏ కరపత్రంలోనూ ఉండదు. అది వాటి మధ్య మనం వేసే వైర్ల మీద ఆధారపడుతుంది.

ఒక లెక్క చూద్దాం. లోడు లేకుండా ఊరికే తిరుగుతున్న మోటారు ఎంత పవరు లాగుతోందో కొలవాలి. వోల్టేజీ ఒక చానెల్లో, కరెంటు మరో చానెల్లో తీసుకుని, క్షణక్షణం ఒకదాన్ని రెండోదానితో హెచ్చించి సగటు తీయాలి. మన కార్డు చవక రకం. లోపల కొలిచే చిప్పు ఒక్కటే ఉంటుంది, అది చానెళ్ళను వరసగా పలకరించుకుంటూ పోతుంది. సెకనుకు మొత్తం 10,000 కొలతలు. అంటే వోల్టేజీ కొలిచిన 100 మైక్రోసెకన్ల తర్వాతగానీ కరెంటు వంతు రాదు. సెకనులో పదివేలో వంతు ఆలస్యం, ఎవరికి పట్టింది అనిపిస్తుంది. కానీ 50 హెర్ట్జ్ కరెంటు అలలో ఆ ఆలస్యం 1.8 డిగ్రీలతో సమానం. హీటరులాంటి లోడు అయితే, అంటే వోల్టేజీ, కరెంటు అలలు కలిసి నడిచి పవర్ ఫ్యాక్టర్ 1 అయితే, దీనివల్ల వచ్చే తప్పు నూటికి 0.05 మాత్రమే. లోడు లేని మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.1 దగ్గర ఉందనుకోండి, అదే ఆలస్యం పవర్ లెక్కను నూటికి 31 పైచిలుకు తప్పిస్తుంది. ఏ చానెల్ ముందు, ఏది వెనక అన్నదాన్నిబట్టి ఎక్కువ చూపించవచ్చు, తక్కువ చూపించవచ్చు. వోల్టేజీ సరిగ్గానే కొలిచాం, కరెంటూ సరిగ్గానే కొలిచాం. రెండిటి లబ్ధం మాత్రం మూడో వంతు మేర తప్పు. కార్డులో ఎన్ని బిట్లున్నాయని అడిగి కొనేవాళ్ళే ఎక్కువ. చానెళ్ళన్నీ ఒకేసారి కొలుస్తాయా, వరసగానా అని అడిగేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ముందు అడగాల్సింది ఆ రెండో ప్రశ్నే.

పరికరాల్ని ఒకదానితో ఒకటి కలపడమనే పని ఎక్కడ మొదలైందో కొంచెం చెప్పుకోవాలి. 1960ల చివర్లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ తన పరికరాలన్నిటికీ పనికొచ్చే ఒక ఉమ్మడి కేబులు తయారుచేసింది. 1975లో అది ఐఈఈఈ 488 అనే ప్రమాణమైంది. ల్యాబుల్లో అందరూ దాన్ని జీపీఐబీ అంటారు. 24 కాళ్ళ బరువైన కనెక్టరు, ఒకదాని వీపు మీద ఇంకొకటి ఎక్కించుకోవచ్చు. ఒక వరసలో 15 పరికరాలకు మించకూడదు, మొత్తం తీగ 20 మీటర్లు దాటకూడదు. యాభై ఏళ్ళ ముసలిదైనా ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో ర్యాకు వెనక్కి తొంగిచూస్తే ఆ లావుపాటి కేబులు కనిపిస్తుంది.

అందులో నాకు ముచ్చటగా అనిపించేది దాని మర్యాద. బడిలో ఉక్తలేఖనం గుర్తుందా? మాస్టారు ఒక మాట చెప్తారు. అందరూ రాసి కలం పైకెత్తేదాకా ఆగుతారు. వెనక బెంచీలో ఒక్కడు ఇంకా రాస్తున్నా తర్వాతి మాట చెప్పరు. జీపీఐబీలో మూడు తీగలు ఈ పని కోసమే ఉన్నాయి. "మాట సిద్ధం" అని చెప్పేది ఒకటి, "నేనింకా వినడానికి తయారవలేదు" అనేది ఇంకొకటి, "నేనింకా తీసుకోలేదు" అనేది మూడోది. చివరి రెండు తీగల్నీ ఏ ఒక్క పరికరం పట్టుకుని ఉన్నా సరే, అందరూ ఆగాల్సిందే. అందరికంటే నిదానస్తుడు వదిలితేనే తీగ లేస్తుంది. అందువల్ల మాట తప్పిపోవడం ఉండదు, కానీ వేగం మాత్రం వరసలోని సోమరి చేతిలో ఉంటుంది.

ఆ తర్వాత యూఎస్‌బీ వచ్చింది, ఈథర్‌నెట్ వచ్చింది, వేగాలు వందల రెట్లు పెరిగాయి. వాటితోపాటు ఒక అపోహ కూడా పెరిగింది. పరికరాలన్నీ ఒకే కంప్యూటరుకి తగిలించి ఉన్నాయి కాబట్టి అవన్నీ ఒకే తాళంలో నడుస్తున్నాయని. అది నిజం కాదు. కంప్యూటరు "మొదలుపెట్టు" అని మొదటి పరికరానికి చెప్పి, రెండోదానికి చెప్పబోయేలోగా దానికి సవాలక్ష పనులు. ఈమెయిల్ రావచ్చు, యాంటీవైరస్ నిద్ర లేవవచ్చు. మామూలు ఆపరేటింగ్ సిస్టమ్‌లో రెండు ఆజ్ఞల మధ్య ఒకసారి అర మిల్లీసెకను, ఇంకోసారి పది మిల్లీసెకన్లు గడుస్తాయి. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసేసి లెక్క సరిచేసుకోవచ్చు. పూటకో రకంగా ఉండేదాన్ని ఏం సరిచేస్తాం?

ఇంకో దురలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. పవర్ సప్లైకి "12 వోల్టులు ఇవ్వు" అని చెప్పాక అది 12 దగ్గర నిలకడగా నిలబడటానికి కొంత సమయం పడుతుంది. అంతవరకు ఆగకుండా కొలిస్తే మధ్యదారిలోని వోల్టేజీ దొరుకుతుంది. ప్రోగ్రామర్లు చేసేదేమిటంటే, మధ్యలో "అర సెకను ఆగు" అని ఒక లైను రాసేస్తారు. అర సెకను ఎందుకంటే, అలా రాస్తే పనిచేసింది కాబట్టి. పక్కింటివాళ్ళ కుక్కరు విజిల్ విని మన అన్నం దించుకోవడం లాంటిదిది. నిజానికి పరికరాన్నే "అయిందా?" అని అడగవచ్చు. 1987 నాటి ఐఈఈఈ 488.2 ప్రమాణంలోనే దానికి ఒక ఆజ్ఞ ఉంది, నక్షత్రం గుర్తు పెట్టి ఓపీసీ అని రాసి ప్రశ్నార్థకం వేస్తే చాలు, చేతిలో పని ముగిశాక పరికరం 1 అని బదులిస్తుంది. అర సెకన్ల ఊహలు పోగుపడితే ఒక్కో వస్తువు పరీక్షకు ఎన్ని సెకన్లు వృథా అవుతాయో, రోజుకు వేల వస్తువులు పరీక్షించే ఫ్యాక్టరీలో లెక్కేసుకోవచ్చు.

అసలు విషయానికొస్తే, పరికరాల మధ్య మూడు రకాల సంబంధాలుంటాయి. ఒకటి మాట: ఆజ్ఞలు, అంకెలు అటూ ఇటూ పోవడం. రెండోది సైగ: "ఇప్పుడే" అని చెప్పే ఒక్క పల్సు, అదే ట్రిగ్గరు. మూడోది నడక: అందరికీ ఒకే టిక్కు టిక్కు, అదే క్లాకు. యూఎస్‌బీ, ఈథర్‌నెట్ మాట కోసం పుట్టాయి. వాటి మీద సైగ చేయబోతే పైన చెప్పిన అవస్థ. అందుకే పరికరాల వెనక చిన్న గుండ్రటి బీఎన్‌సీ కనెక్టర్లుంటాయి. ట్రిగ్గర్ ఇన్, ట్రిగ్గర్ అవుట్, రిఫరెన్స్ ఇన్, రిఫరెన్స్ అవుట్. వాటి మీది ప్లాస్టిక్ టోపీలు కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోయిన ల్యాబులు చాలానే చూశాను.

ట్రిగ్గరు వైరుతో ఆలస్యం మిల్లీసెకన్ల నుంచి నానోసెకన్లకు దిగుతుంది. అక్కడితో కథ ముగియదు, అక్కడి నుంచి వైరే ఒక పరికరమవుతుంది. శూన్యంలో కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. మామూలు కోయాక్సియల్ కేబులులో సంకేతం 20 సెంటీమీటర్లే పోతుంది. అంటే మీటరుకు 5 నానోసెకన్లు. ఒక పరికరానికి మీటరు వైరు, ఇంకోదానికి మూడు మీటర్ల వైరు వేస్తే, ఒకే పల్సు రెండోదానికి 10 నానోసెకన్లు ఆలస్యంగా అందుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పొరల్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 32 వరసలు, వరసకు 32 చొప్పున 1,024 యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అన్నీ కలిసి ఒకే కిరణాన్ని ఆకాశంలోకి పంపాలంటే ఒక్కో యాంటెన్నా నుంచి అల సరైన దశలో బయల్దేరాలి. ఆ పౌనఃపున్యంలో ఒక అల పూర్తి కావడానికి పట్టేది దాదాపు 19 నానోసెకన్లు. కేబులు 10 సెంటీమీటర్లు తేడాగా కత్తిరిస్తే అర నానోసెకను, అంటే తొమ్మిదిన్నర డిగ్రీలు దశ తప్పుతుంది. అటువంటి చోట కేబుళ్ళను బారలతో కాదు, డిగ్రీలతో కొలుస్తారు.

కేబులు చివర కూడా ముఖ్యమే. బావిలోకి కేకేస్తే కేక తిరిగొచ్చినట్టు, చివర సరైన నిరోధం లేని కేబులులో పల్సు చివరిదాకా పోయి వెనక్కి తిరుగుతుంది. 50 ఓమ్‌ల కేబులుకు చివర 50 ఓమ్‌లుంటే అది అక్కడితో శాంతిస్తుంది. లేకపోతే ఆ ప్రతిధ్వనిని ఇంకో ట్రిగ్గరనుకుని పరికరం రెండుసార్లు ఉలిక్కిపడుతుంది. టీ ఆకారపు కనెక్టర్లతో ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా లాక్కుంటూ పోతే గొలుసులో చివరివాడికి సంకేతం ఆలస్యంగానూ, అందం చెడిపోయీ అందుతుంది. పల్సు అంచు నిట్టనిలువుగా లేచినప్పుడు అది గీత దాటే క్షణం స్పష్టంగా ఉంటుంది. అంచు నీరసించి వాలుగా లేస్తే అదే గీతను ఆలస్యంగా దాటుతుంది. వైరు తెగలేదు, సంకేతం పోలేదు, ఆలస్యమైందంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

గొలుసు బదులు నక్షత్రంలా వేయడం మేలు. మధ్యలో ఒక చోటి నుంచి అందరికీ సమానమైన పొడవున్న వైర్లు. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 1997లో తెచ్చిన పీఎక్స్‌ఐ పద్ధతి చేసింది ఇదే. కార్డులన్నీ ఒకే పెట్టెలో, వెనక పలకలో అందరికీ 10 మెగాహెర్ట్జ్ క్లాకు. పలక మీద రాగి గీతల పొడవులు జాగ్రత్తగా సరిపోల్చి వేస్తారు కాబట్టి ఒక స్లాటుకీ ఇంకో స్లాటుకీ టిక్కు తేడా ఒక నానోసెకను దాటదు. ట్రిగ్గరుకు ఉమ్మడి తీగలు ఎనిమిది, వాటితోపాటు నక్షత్రపు తీగలు విడిగా. తర్వాత 2005లో వచ్చిన పీఎక్స్‌ఐ ఎక్స్‌ప్రెస్‌లో 100 మెగాహెర్ట్జ్ క్లాకు కూడా చేరింది. ర్యాకు వెనక వైర్ల చిక్కుముడిని పెట్టె లోపలికి తోసెయ్యడమే ఇందులోని తెలివి. ఖరీదు సంగతి వేరే.

ఇప్పుడు నడక సంగతి. ట్రిగ్గరుతో రెండు పరికరాలూ ఒకే క్షణాన మొదలయ్యాయి. అయినా ఒకే గడియకు బయల్దేరిన రెండు బళ్ళు సాయంత్రానికి ఒకేచోట ఉండాలని లేదు కదా. ప్రతి పరికరంలోనూ ఒక క్వార్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది, దాని కంపనాలే ఆ పరికరానికి కాలం. మామూలు క్రిస్టల్ పది లక్షలకు ఇరవై ముప్పై పాళ్ళు అటో ఇటో తప్పుతుంది. ఒకటి 25 పాళ్ళు వేగం, ఇంకోటి 25 పాళ్ళు నిదానం అనుకుందాం. సెకనుకు పది లక్షల కొలతలు తీసే రెండు కార్డులు సెకను తిరిగేసరికి 50 కొలతలు, గంట తిరిగేసరికి 1,80,000 కొలతలు ఎడమవుతాయి. కాలంలో చెప్పాలంటే గంటకు 180 మిల్లీసెకన్లు. వేడెక్కితే ఈ తేడా మారుతుంది కూడా. ఉదయం ఏసీ వేసినప్పుడొక లెక్క, మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడొక లెక్క.

మందు తేలికే. ఒక మంచి క్లాకును పెద్దగా పెట్టుకుని, దాని 10 మెగాహెర్ట్జ్ అలను అందరి రిఫరెన్స్ ఇన్‌కీ ఇవ్వాలి. ఒక్కో పరికరంలో ఫేజ్ లాక్డ్ లూప్ అనే సర్క్యూట్ సొంత క్రిస్టల్‌ను ఆ అల వెంట నడిపిస్తుంది. క్రిస్టల్ కాస్త ముందుకు పోతే వెనక్కి లాగుతుంది, వెనకబడితే అదిలిస్తుంది. పెద్ద క్లాకుగా వెచ్చటి గూట్లో పెట్టిన క్రిస్టల్ వాడవచ్చు, ఇంకా కావాలంటే రుబీడియం క్లాకు, లేదా జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాల నుంచి సెకనుకొక పల్సు తయారుచేసుకునే రిసీవరు.

ఇంత చేసినా ఒక మెలిక మిగులుతుంది. ఇది ఇంజినీర్లను కూడా బోల్తా కొట్టిస్తుంది. సెకనుకు 20 కోట్ల కొలతలు తీసే కార్డులో టిక్కుకీ టిక్కుకీ మధ్య 5 నానోసెకన్లు. ట్రిగ్గరు సరిగ్గా టిక్కు పడే సమయానికే వచ్చిందనుకోండి. బస్సు కదులుతుండగా స్టాపుకి చేరిన ఇద్దరిలో ఒకడు ఎక్కేస్తాడు, రెండోవాడు తర్వాతి బస్సు కోసం నిలబడతాడు. అలాగే ఒక కార్డు ఈ టిక్కులో ట్రిగ్గరును పట్టుకుంటుంది, రెండోది తర్వాతి టిక్కులో. ఈ పూట ఒక కొలత తేడా, రేపు పరీక్షిస్తే లేదు, ఎల్లుండి మళ్ళీ ఉంది. పైగా 10 మెగాహెర్ట్జ్ టిక్కుల మధ్య 100 నానోసెకన్లుంటాయి, అందులో మన కార్డు టిక్కులు 20 పడతాయి. ట్రిగ్గరు ఆ ఇరవైలో ఏ టిక్కున దొరుకుతుందో కార్డుకూ కార్డుకూ తేడా రావచ్చు. దీనికి కనిపెట్టిన ఉపాయం వేగంగా పరుగెత్తడం కాదు, కలిసి ఆగడం. ట్రిగ్గరు వచ్చిందో లేదో ప్రతి టిక్కుకీ చూడకుండా, అందరికీ ఉమ్మడిగా ఉన్న నిదానపు టిక్కు దగ్గర మాత్రమే చూడాలని కార్డులన్నీ ఒప్పందానికొస్తాయి. ఆ నిదానపు టిక్కుకు ముందు ట్రిగ్గరు అందరికీ చేరిపోయి, స్థిరంగా నిలబడి ఉంటుంది. అందరూ అదే బస్సెక్కుతారు.

పరికరాలు ఒకే గదిలో ఉన్నంతకాలం ఇదంతా కుదురుతుంది. అవి రెండు భవనాల్లోనో, కిలోమీటర్ల దూరంలోనో ఉంటే ఒకే పల్సు కోసం విడిగా వైరు లాగడం భారం. అప్పుడు చేతిలో ఉన్నది నెట్‌వర్కు ఒక్కటే. మాట కోసం పుట్టిన దాని మీదే కాలాన్ని పంపాలి. దానికి 2002లో ఐఈఈఈ 1588 అనే ప్రమాణం వచ్చింది. హ్యూలెట్ ప్యాకర్డ్‌లోనూ, దాన్నుంచి విడిపోయిన ఆజిలెంట్‌లోనూ పనిచేసిన జాన్ ఐడ్సన్ దీని రూపకర్తల్లో ముఖ్యుడు. పీటీపీ అని పిలిచే ఈ పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

ఊళ్ళో ఇంట్లో ఒక గడియారం, పొలం దగ్గర మోటారు షెడ్డులో ఇంకో గడియారం. రెండోది తప్పుగా ఉందని అనుమానం. ఇంటి గడియారం 10:00 చూపిస్తుండగా కుర్రాణ్ణి సైకిలు మీద చీటీతో పంపారు. వాడు షెడ్డు చేరేసరికి అక్కడి గడియారంలో 10:25. షెడ్డు గడియారం ప్రకారం 10:30కి మళ్ళీ బయల్దేరితే, ఇంటి గడియారం 10:45 చూపిస్తుండగా ఇల్లు చేరాడు. పోయేటప్పుడు 25 నిమిషాలు పట్టినట్టుంది, వచ్చేటప్పుడు 15 నిమిషాలు. దారి అదే, సైకిలు అదే. కాబట్టి ప్రయాణం నిజానికి 20 నిమిషాలు, షెడ్డు గడియారం 5 నిమిషాలు ముందుంది. నాలుగు సమయాలు రాసుకుంటే గడియారం తప్పూ తెలిసింది, దూరమూ తెలిసింది. పీటీపీలో చీటీలు నెట్‌వర్కు ప్యాకెట్లు, అంతే తేడా. ప్యాకెట్ వెళ్ళిన, అందిన క్షణాన్ని సాఫ్ట్‌వేర్ కాకుండా నెట్‌వర్కు చిప్పే వైరు ముఖద్వారంలో నోట్ చేసుకుంటే రెండు గడియారాల తేడాను మైక్రోసెకను లోపలికి తేవచ్చు.

ఇందులో ఒక నమ్మకం దాగుంది, పోయే దారికీ వచ్చే దారికీ ఒకే సమయం పడుతుందని. పొలానికి పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎగుడు అయితే? గడియారాలు రెండూ సరిగ్గానే ఉండి, పోవడానికి 16, రావడానికి 24 నిమిషాలు పట్టిందనుకోండి. మన లెక్క షెడ్డు గడియారం 4 నిమిషాలు వెనకుందని చెప్తుంది, మనం దాన్ని బుద్ధిగా పాడుచేస్తాం. ఎన్నిసార్లు చీటీ పంపినా ఈ తప్పు బయటపడదు. ఆప్టికల్ ఫైబరులో ఒక రంగు కాంతి పోవడానికి, ఇంకో రంగు రావడానికి వాడితే రెండిటి వేగాలూ కొద్దిగా వేరు, అక్కడా ఇదే ఎగుడుదిగుడు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాశాలలో పుట్టిన వైట్ రాబిట్ పద్ధతి ఆ తేడాను ముందే కొలిచి లెక్కలో కలుపుతుంది. కిలోమీటర్ల దూరంలో ఉన్న పరికరాలను నానోసెకను లోపు తేడాతో నడిపిస్తుంది.

సెర్న్ పేరు వచ్చింది కాబట్టి ఒపేరా అనే ప్రయోగం కథ. 2011 సెప్టెంబరులో ప్రపంచమంతా పతాక శీర్షికల్లో చదివిన వార్త అది. సెర్న్ నుంచి నేల లోపలి గుండా ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింది ప్రయోగశాలకు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినో కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయట. ఐన్‌స్టీన్ తప్పాడా అని చర్చలు. ప్రయోగం చేసినవాళ్ళు అజాగ్రత్తపరులేమీ కాదు. దూరాన్ని 20 సెంటీమీటర్ల తేడాతో కొలిచారు, రెండు చోట్లా జీపీఎస్ గడియారాలు పెట్టారు, సుమారు 15 వేల న్యూట్రినోలు లెక్కపెట్టారు. మా తప్పేదైనా ఉంటే చెప్పమని తామే ప్రపంచాన్ని అడిగారు.

గ్రాన్ సాసోలో జీపీఎస్ యాంటెన్నా కొండ బయట, డిటెక్టరు లోపల. మధ్యలో 8.3 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబరు. 2011 డిసెంబరులో ఆ ఫైబరు చివరి కనెక్టరు పూర్తిగా బిగించి లేదని కనుక్కున్నారు. వదులుగా ఉన్నా కాంతి వస్తూనే ఉంది, కాకపోతే మసకగా. మసక కాంతికి రిసీవరులోని సర్క్యూట్ నెమ్మదిగా నిండింది, పల్సు అంచు వాలుగా లేచింది, గీతను ఆలస్యంగా దాటింది. దాంతో డిటెక్టరు గడియారం డెబ్భై నానోసెకన్ల పైచిలుకు వెనకబడింది. వెనకబడిన గడియారం చూసుకుంటే వచ్చే అతిథులందరూ ముందే వచ్చినట్టుంటుంది. జీపీఎస్ పల్సుల మధ్య కాలాన్ని లెక్కపెట్టే క్రిస్టల్ వేగంలోనూ కొద్దిపాటి తేడా దొరికింది, దాని ప్రభావం ఎదురు దిశలో ఉంది. రెండూ కలిపి, 60.

అయితే కనెక్టరు ఎప్పటి నుంచి వదులుగా ఉంది? డేటా తీసినన్నాళ్ళూ అలాగే ఉందా, డిసెంబరులో ఎవరో తాకితే వదులైందా? ఇది తేలకపోతే అనుమానం అనుమానంగానే ఉండేది. ఇక్కడ వాళ్ళు చేసిన పనిని ఏ చిన్న ల్యాబులోనైనా చేసుకోవచ్చు. రెండు చానెళ్ళు ఒకే తాళంలో ఉన్నాయో లేదో తెలియకపోతే, ఒకే సంకేతాన్ని చీల్చి సమానమైన వైర్లతో రెండిటికీ ఇవ్వాలి. వచ్చే తేడా పరికరాల తేడా. తర్వాత వైర్లు అటూ ఇటూ మార్చి మళ్ళీ చూడాలి. తేడా వైరు వెంట పోతే దోషం వైరుది, అక్కడే ఉంటే పరికరానిది. పది నిమిషాల పని.

గ్రాన్ సాసోలో ఒపేరాకు 160 మీటర్ల దూరంలో ఎల్‌వీడీ అనే మరో డిటెక్టరు ఉంది. ఆకాశం నుంచి వచ్చే మ్యూవాన్ కణాల్లో కొన్ని, కొండలో రాయి పలచబడిన దిక్కు నుంచి దాదాపు అడ్డంగా దూసుకొచ్చి రెండు డిటెక్టర్లలోనూ దూరిపోతాయి. ప్రకృతే ఒకే సంకేతాన్ని రెండు పరికరాలకూ ఇస్తోందన్నమాట. 2007 నుంచి పోగుపడిన పాత రికార్డుల్లో అటువంటి మ్యూవాన్లు కొద్ది వందలు దొరికాయి. ఎల్‌వీడీ గడియారంతో పోల్చి చూస్తే 2008 ఆగస్టు ముందు ఒక లెక్క, ఆగస్టు నుంచి 2011 డిసెంబరు వరకు 73 నానోసెకన్లు జరిగిన లెక్క, కనెక్టరు బిగించాక మళ్ళీ పాత లెక్క. వదులు ఎన్నాళ్ళున్నదో మ్యూవాన్లు చెప్పేశాయి. ప్రయోగానికి నాయకత్వం వహించిన ఇద్దరు శాస్త్రవేత్తలు 2012 మార్చి నెలాఖరులో పదవుల నుంచి తప్పుకున్నారు. మే నెలలో గ్రాన్ సాసోలోని నాలుగు ప్రయోగాలు, ఒపేరాతో సహా, న్యూట్రినోల వేగాన్ని మళ్ళీ కొలిచాయి. జూన్‌లో క్యోటో సమావేశంలో ఆ ఫలితాలు చదివి వినిపించారు. నాలుగు చోట్లా న్యూట్రినోలు కాంతితోపాటే వచ్చాయి.